జెండాకర్ర పక్కన నూరువరహాలు

తెల్లవారి బడి గేటు తాళం తీసి, చీపురు భుజాన వేసుకుని వస్తున్న చమ్నాన్ జెండాకర్ర దగ్గరికి రాగానే నిలబడిపోయాడు. నిన్న సాయంత్రం వరకూ ఆకు కనిపించనంతగా పూసి ఉన్న నూరువరహాల కంచె అక్కడ బోడిగా ఉంది. గోడ వారవి ఉన్నాయి, గేటు పక్కవి ఉన్నాయి. సరిగ్గా జెండాకర్రకు అటూ ఇటూ, ఎండ బాగా తగిలి గుత్తులు పిడికిలంత లావున వచ్చిన చోటే ఎవరో దోచుకుపోయారు. వంగి చూశాడు. కత్తెరతో కోసినవి కావు, చేత్తో విరిచినవి. కొమ్మల చివర్లు చీలి తొక్కలు వేలాడుతున్నాయి.

ఆ బడికి బంట్రోతూ, తోటమాలీ, గంట కొట్టేవాడూ అన్నీ చమ్నానే. కానీ ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "నూరువరహాలు పెంచుతాను" అనేవాడు. ఏప్రిల్లో ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకునే కొత్తేడాది నీళ్ళ పండగ అయిపోయి ఊరంతా బట్టలు ఆరేసుకుంటున్నప్పుడు కత్తెర పట్టుకుని కంచె ముందు కూర్చునేవాడు. ప్రతి కొమ్మ చివరా కాస్తంత తీసేస్తే పక్కనుంచి రెండు చిగుళ్ళు వస్తాయి, ఆ చిగుళ్ళ చివరే మొగ్గ పడుతుంది. కత్తెర ముందుగా వేస్తే పూలు తొందరపడి రాలిపోతాయి. ఆలస్యంగా వేస్తే జూన్ నాటికి మొగ్గలు బిగుసుకునే ఉంటాయి. జూన్‌లో ఒక గురువారం బళ్ళో గురువందనం, పిల్లలు గురువుల ముందు పూలపళ్ళేలు పెట్టి మొక్కే రోజు. ఆ గురువారం ప్రతి తరగతీ మోసే పళ్ళెంలో గరిక ఉండాలి, వంగపువ్వు ఉండాలి, నూరువరహాలు ఉండాలి. గరిక ఎక్కడైనా దొరుకుతుంది. వంగపువ్వు ఎవరి దొడ్లోనైనా దొరుకుతుంది. కాలవ ఒడ్డున ఉన్న ఊళ్ళన్నిటిలోనూ వేళకి ఇంత నిండుగా పూసే నూరువరహాలు మాత్రం చమ్నాన్ కంచెవే.

గోడ సున్నం మట్టిలోకి దిగి ఆకులు పసుపెక్కితే, కంచె పొడుగునా కాలువ తవ్వి కుళ్ళిన ఆకులు నింపాడు. చీమలు పిండినల్లి పురుగుల్ని మోసుకొస్తే సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ఒక్కో ఆకూ తుడిచాడు. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు ఒక్క చుక్క పారబోయనిచ్చేవాడు కాదు. పెళ్ళానికి జ్వరమొస్తే నుదురు తాకి చూడడు గానీ మొక్కకి ఆకు వాడితే అన్నం మానేస్తాడని అతని భార్య లమూన్ సంతలో పదిమంది ముందూ అనేది. చమ్నాన్ అది పొగడ్త అనుకునేవాడు.

గురువందనానికి ముందు రోజు కత్తెరతో తనే కోసి తరగతికింత అని పంచేవాడు. అంతవరకూ ఎవరూ ముట్టుకోకూడదు. పెద్దసారు సైతం ముట్టుకునేవాడు కాదు. గురువందనం ఇంకా వారం ఉంది.

కంచె చివర, చెప్పులు విడిచే అరుగు పక్కన, ఎవరో కదిలారు. ఆరో తరగతి చోంపూ. గొంతుక్కూర్చుని ఉంది. చెవుల దాకా కత్తిరించిన జుట్టు మొహం మీద పడుతోంది. నీలం గౌను మీద ఎర్ర రేకులు, పెదవి మీద కూడా ఒక రేకు. వాళ్ళ అమ్మమ్మ చేపల సంతకి పోతూ చీకటుండగానే, అందరికంటే ముందు ఆ పిల్లని బడి దగ్గర దింపేసి పోతుంది.

"ఏయ్! లే పైకి! ఏం చేస్తున్నావిక్కడ?"

"తేనె తాగుతున్నా తాతా. కింద పడ్డ పూలే."

"మరి మిగతావేవీ?"

చోంపూ కంచె వైపు చూసింది. మళ్ళీ అతని మొహం చూసింది. ఏదో అనబోయి నోరు మూసుకుంది. దొంగ దొరికిపోయిందని చమ్నాన్ అప్పుడే తీర్మానించుకున్నాడు.

"సంచీ చూపించు."

సంచీలో రెండు పుస్తకాలు, జిగురన్నం పొట్లం తప్ప ఏమీ లేవు.

"అప్పుడే దాటించేశావన్నమాట. మీ అమ్మమ్మకి ఇచ్చి పంపేశావా? సంతలో అమ్ముతుందా?"

"మా అమ్మమ్మ చేపలమ్ముతుంది తాతా, పూలమ్మదు."

"ఎదురు సమాధానమా!"

జెండా ఎగిరి, పాట అయిపోయి, ప్రార్థన అయిపోయాక, పిల్లలు ఇంకా వరసల్లోనే ఉండగా చమ్నాన్ ఆ పిల్లని చెవి పట్టుకుని ముందుకి తీసుకొచ్చాడు. తీసుకురావడం కాదు, లాక్కొచ్చాడు. ఇన్నేళ్ళలో అతను ఏ పిల్లనీ ముట్టుకోలేదు. ఇవాళ చెయ్యి తనది కానట్టు పనిచేసింది.

"చూడండి! గురువులకి పెట్టాల్సిన పూలు! మొగ్గ పడ్డప్పటి నుంచీ కాపలా కాశాను. ఈ దొంగపిల్ల రాత్రికి రాత్రి విరుచుకుపోయింది. రేపు వీళ్ళేనా గురువుల కాళ్ళ ముందు వంగేది?"

పిల్లల వరసల్లో గుసగుస లేచి అణిగిపోయింది. ఆరో తరగతి ఓరపిన్ టీచరమ్మ ముందుకొచ్చింది. ఆవిడ మొహం ఎందుకో పాలిపోయి ఉంది.

"చోంపూ, నువ్వేనా?"

పిల్ల తన తెల్ల మేజోళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. ఔననలేదు, కాదనలేదు.

టీచరమ్మ చమ్నాన్ వైపు చూసింది, పెద్దసారు వైపు చూసింది. "సరే. ఈసారి మన తరగతి పళ్ళెం నువ్వు కాదు, ఫెన్ మోస్తుంది" అంది.

చోంపూ తలెత్తింది అప్పుడే. ఏడాదంతా ఆ పిల్ల ఎదురుచూసింది ఆ పళ్ళెం కోసమే. మోకాళ్ళ మీద పళ్ళెం తొణకకుండా ముందుకి జరగడం చాప మీద సాధన చేసీ చేసీ మోకాళ్ళు కాయలు కాశాయి. ఆ సంగతి బళ్ళో అందరికీ తెలుసు. చమ్నాన్‌కి కూడా తెలుసు. తగిన శాస్తి జరిగిందనుకుంటూ గంట కొట్టడానికి వెళ్ళాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి లమూన్ వసారాలో కాళ్ళు చాపుకుని పాట పాడుకుంటోంది. చుట్టూ అరటాకు పీలికలు, గుండుసూదులు, తడిగుడ్డ. పళ్ళేల అలంకారంలో లమూన్‌ది అందెవేసిన చెయ్యి. అరటాకుని చిన్న చిన్న గోపురాలుగా మడిచి పేర్చిందంటే విహారంలో భిక్షువులు సైతం ఆగి చూస్తారు. చమ్నాన్ కాళ్ళు కడుక్కుని పైకి వస్తూ చాప మీద చూశాడు. అరటాకు పీలికల మధ్య ఒక ఎర్ర పూరేకు. దాని పక్కన ఇంకోటి.

"ఇవెక్కడివే?"

"ఎక్కడివేంటయ్యా? నీ పెళ్ళాలవి." కంచె మొక్కల్ని లమూన్ అలాగే అనేది. "టౌన్లో పెద్ద బడి వాళ్ళకి రేపే గురువందనమట. మూడు పళ్ళేలకి పూలు కావాలని కబురెట్టారు. అక్కడ వానల్లేక పూలు రాలేదట. తెల్లవారుజామున నువ్వు గుర్రుపెడుతున్నప్పుడు వెళ్ళి తెచ్చాను. పొద్దున బండికే వెళ్ళి ఇచ్చొచ్చాను."

చమ్నాన్ మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"గేటు తాళం?"

"గేటెందుకు? వెనకాల కంచె కంతలోంచి. పిల్లలంతా దూరేది అందులోంచేగా."

"కత్తెరైనా తీసుకెళ్ళకుండా, చేత్తో విరిచి..."

"కత్తెర నీ తలకింద పెట్టుకుని పడుకుంటావు కదయ్యా! తల కోసి తెచ్చుకోనా?" అని నవ్వింది. అతను నవ్వకపోయేసరికి ఆమెకి కోపం వచ్చింది. "ఏం, అడిగితే ఇచ్చేవాడివా? ఆ కొమ్మలు మా అమ్మగారింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చి గుచ్చింది ఎవరు? నేను. పాతికేళ్ళలో ఒక్క పువ్వు నా కొప్పులో పెట్టావా? జెండా దగ్గరవి మళ్ళీ వస్తాయిలే. మిగతావి నీ బడికి సరిపోతాయి. ఎందుకలా చచ్చిన చేపలా చూస్తావు?"

అప్పుడు చెప్పాడు. చెవి పట్టుకుని లాగిన సంగతి, దొంగపిల్ల అన్న సంగతి, పళ్ళెం పోయిన సంగతి. ఒక్కో మాటా నోట్లోంచి రాయిలా పడింది.

లమూన్ చేతిలో ఆకు కింద పెట్టేసింది.

"చేపల ముసలమ్మ మనవరాలినా? తల్లి లేని పిల్లనా?"

"ఊఁ."

"లే. పద. ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం. నేనే చెప్తాను, నేనే కోశానని."

"నువ్వు రాకు." ఆ మాట అతని నోట ఎంత తొందరగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. "నేను చెప్తాను. నేను లాగాను, నేనే చెప్పాలి. రేపు పొద్దున్నే చెప్తాను."

లమూన్ అతని మొహంలోకి చూసింది. "చెప్తావా?"

"చెప్తానన్నానా!"

మర్నాడు పెద్దసారు మీటింగుకి వెళ్ళాడు. ఆ మర్నాడు ఉన్నాడు గానీ చిరాగ్గా ఉన్నాడు. తర్వాత శని, ఆదివారాలు. సాకులకేం, వెతికితే కంచె నిండా పూస్తాయి. ఆ రెండు రోజులూ చమ్నాన్ బడికే వెళ్ళి, విరిగిన కొమ్మల చివర్లు కత్తెరతో నున్నగా కోశాడు. చీలిన తొక్కలు తీసేసి పసుపు రాశాడు. బియ్యం నీళ్ళు పోశాడు. అంతా శుభ్రంగా అయ్యాక చూస్తే అక్కడ దొంగతనం జరిగినట్టే లేదు. ఎవరో తీరుబడిగా కత్తిరించినట్టుంది. తను చేసిన పని ఏమిటో అప్పుడు తట్టి, కత్తెర అక్కడే గడ్డిలో పడేసి వెళ్ళిపోయాడు. సిగ్గేసింది. ఇంటికెళ్తే లమూన్ "చెప్పావా?" అని అడగడం మానేసింది. అన్నం పెట్టి పక్కకి తిరిగి కూర్చునేది. అది ఇంకా సిగ్గు.

సోమవారం నుంచి చోంపూ యథాప్రకారం అందరికంటే ముందే వచ్చేది. కంచె దగ్గరికి రావడం మానేసి నీళ్ళ తొట్టి అవతల కూర్చునేది. చమ్నాన్ ఊడ్చుకుంటూ అటు వెళ్ళాల్సి వస్తే ఆ మేర ఊడవకుండా వదిలేసేవాడు. ఆ పిల్లే చేతులు జోడించేది. "తాతా, దణ్ణం" అనేది. ఏ రోజూ మానలేదు. తిట్టినా బాగుండేది, మొహం తిప్పుకున్నా బాగుండేది. దణ్ణం పెట్టిన పిల్లకి తిరిగి దణ్ణం పెట్టడానికి చేతులు పైకెత్తాలంటే చీపురు బరువైపోయేది.

మధ్యాహ్నాలు పెద్ద హాల్లో సాధన జరిగేది. చమ్నాన్ చాపలు పరుస్తూ, సర్దుతూ చూసేవాడు. పళ్ళెం మోసే ఫెన్‌కి మోకాళ్ళ మీద జరగడం చేతకాక ఒకవైపుకి ఒరిగిపోయేది. పళ్ళెంలో పూల బదులు పెట్టిన గులకరాళ్ళు దొర్లిపోయేవి. చోంపూ వెళ్ళి వాటిని ఏరి, మళ్ళీ పళ్ళెంలో పెట్టి, ఫెన్ వెనకాల మోకాళ్ళ మీద కూర్చునేది.

"మడమ మీద బరువు వెయ్యి. ఊఁ. ఇప్పుడు ముందుకి జరుగు. చేతులు కావు, నడుం కదలాలి. పళ్ళెం వైపు చూడకు, టీచర్ మోకాలి వైపు చూడు."

"నువ్వే మొయ్యవే, నాకు రావట్లేదు" అంది ఫెన్, ఏడుపు గొంతుతో.

"నోర్ముయ్. వచ్చేస్తుంది" అంది చోంపూ.

చమ్నాన్ చాప చుట్టి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. హాలు వెనక గోడకి ఆనుకుని, ఎవరూ లేని చోట, తనని తాను పచ్చిగా తిట్టుకున్నాడు.

బుధవారం ఉదయం ఇక తప్పించుకోలేక పెద్దసారు గదికి వెళ్ళాడు. పెద్దసారు రేపు వచ్చే అతిథుల కోసం కుర్చీలు ఎన్ని కావాలో లెక్క చూసుకుంటున్నాడు. చమ్నాన్‌ని చూడగానే పెన్ను కింద పెట్టాడు.

"రండి పెద్దయ్యా. పూలు కోయడం మొదలెట్టారా?"

"ఇంకా లేదు సార్. ఆ పూల సంగతే. ఆ రోజు నేను..."

"ఆ రోజు సంగతి వదిలేయండి." పెద్దసారు మెల్లిగానే అన్నాడు గానీ ఆపమన్నట్టు చెయ్యి అడ్డుపెట్టాడు. "అయిపోయింది కదా. పిల్లలు మర్చిపోతారు. మీరు ఈ బడికి పెద్దదిక్కు. మీ నోటితో మీరు ఏమీ చెప్పక్కర్లేదు. రేపు అతిథుల ముందు అంతా సవ్యంగా జరిగిపోతే చాలు."

"కాదు సార్, ఆ పిల్ల..."

"పెద్దయ్యా, కుర్చీలు ఇరవై చాలవేమో. విహారం నుంచి ఇంకో పది తెప్పించండి."

చమ్నాన్ బయటికి వచ్చాడు. చెప్పబోయాను, వినలేదు, నేనేం చేయను అనుకున్నాడు. గుండెల మీద బరువు దిగినట్టయింది. మెట్లు దిగుతుండగా ఆ తేలిక ఏమిటో అతనికి అర్థమైంది. ఒక పిల్ల పళ్ళెం పోయినందుకు తను ఊపిరి పీల్చుకుంటున్నాడు.

మధ్యాహ్నం పూలు పంచాడు. కత్తెరతో గుత్తి కింద ఒక ఆకు ఉండేలా కోసి, తడిగుడ్డ పరిచిన బుట్టల్లో పెట్టి, తరగతి తరగతికీ ఇచ్చాడు. ఆరో తరగతి తరఫున చోంపూ వచ్చింది. ఆ పిల్లనే పంపించారు. ఎందుకు పంపించారో ఆలోచించడానికి చమ్నాన్‌కి భయం వేసింది. బుట్ట ఇచ్చాక, ఆకు చాటున విడిగా దాచిపెట్టిన పెద్ద గుత్తి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టబోయాడు.

"ఇది నీకు."

"నాకెందుకు తాతా?"

"ఊరికే. ఇంటికి తీసుకెళ్ళు. తేనె ఉంటుంది."

చోంపూ ఆ గుత్తిని బుట్టలో మిగతా వాటితో కలిపి పెట్టింది. "ఇవి గురువులకి తాతా. గుత్తులు సరిపోకపోతే పళ్ళెం ఒకవైపు బోడిగా ఉంటుంది" అని బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున హాలంతా ఆకుల వాసన, పూల వాసన, ఇస్త్రీ బట్టల వాసన. ముందు వరసలో కుర్చీల్లో టీచర్లు, పెద్దసారు, ఒకవైపు అతిథులు. చాపల మీద పిల్లలు. చమ్నాన్ ప్రతి ఏడూ నిలబడే చోటే, చెప్పులు విడిచే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లమూన్ కూడా వచ్చింది. ఎవరూ పిలవకుండానే వచ్చి అతని వెనక నిలబడింది.

చిన్న తరగతుల పళ్ళేలు వెళ్ళాయి. ఆరో తరగతి వంతు వచ్చింది. ఫెన్ పళ్ళెం ఎత్తుకుని మోకాళ్ళ మీదికి వంగింది. వరసలో వెనక కూర్చున్న చోంపూ పెదవులు కదులుతున్నాయి. "మడమ మీద, మడమ మీద" అంటోందని ఇంత దూరం నుంచి చమ్నాన్‌కి తెలిసింది. ఆ పిల్ల చేతులు ఒళ్ళో ఉన్నాయి. లేని పళ్ళేన్ని పట్టుకున్నట్టు వేళ్ళు వంగి ఉన్నాయి.

చమ్నాన్ గుమ్మం దాటి చాపల మధ్యకి నడిచాడు. బంట్రోతు అలా నడవకూడదు, ఆ వేళప్పుడు ఎవరూ నడవకూడదు. పిల్లల తలలన్నీ తిరిగాయి. పెద్దసారు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఆగమ్మా ఫెన్" అన్నాడు చమ్నాన్. "సార్, టీచర్లూ, క్షమించాలి. జెండా దగ్గర పూలు చోంపూ కొయ్యలేదు. మా ఇంటావిడ కోసింది. నాకు ఆ సాయంత్రమే తెలుసు. తెలిసీ వారం రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. దొంగ అన్న మాట తగిలేది ఆ పిల్లకి కాదు, నాకు."

హాలు ఒక్కసారిగా గొల్లుమంటుందని అతననుకున్నాడు. గుసగుసలు లేస్తాయని, ఎవరైనా అయ్యో అంటారని, ఛీ అంటారని. అన్నిటికీ సిద్ధపడే వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆశ్చర్యంగా చూసిన మొహం ఒక్కటి లేదు. టీచర్లంతా ఒళ్ళోకి చూసుకుంటున్నారు. పెద్దసారు మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. ముందు వరసలో ఒకటో తరగతి కుర్రాడొకడు మామూలుగా మాట్లాడే గొంతుతో, "మాకు తెలుసుగా తాతా" అన్నాడు. పక్కవాడు వాడి నోరు మూశాడు.

చమ్నాన్ ఓరపిన్ టీచరమ్మ వైపు చూశాడు.

"ఆ పొద్దున నేను దిగిన బండే లమూన్ అక్క ఎక్కింది పెద్దయ్యా" అంది ఆవిడ, తలెత్తకుండానే. "ఆ పూలబుట్ట బండిలోకి అందించింది నేనే. లోపలికి వచ్చేసరికి మీరు అందరి ముందూ అనేశారు. అంత పెద్దమనిషి మాట అబద్ధమని పిల్లల ముందు ఎలా అనను? సాయంత్రానికి అందరికీ తెలిసింది. మీకు మీరుగా... మీ పరువు..."

వారం రోజులుగా తను దాస్తున్నాననుకున్నాడు. బడి మొత్తం తన కోసం దాచింది. తన పరువు పోకుండా అందరూ తలా ఒక చెయ్యి వేసి నిందని ఆ పిల్ల నెత్తిన పెట్టారు. దణ్ణాలు పెడుతూ, కుర్చీలు లెక్కపెడుతూ, ఎంతో మర్యాదగా పెట్టారు. చమ్నాన్‌కి కాళ్ళ కింద చాప కూడా తనని మోయలేకపోతున్నట్టనిపించింది.

ఫెన్ అప్పటికే వెనక్కి తిరిగి పళ్ళేన్ని చోంపూ ఒళ్ళో పెట్టేసింది. "నీదే. తీస్కో" అంది గబగబా.

చోంపూ టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ తలూపింది. పిల్ల మోకాళ్ళ మీదికి లేచింది. చమ్నాన్ పక్కగా వచ్చినప్పుడు ఆగి, పళ్ళెం మీంచి చూపు తీయకుండానే చెప్పింది.

"లమూన్ అవ్వ కోస్తుంటే నేను చూశా తాతా. చెప్తే అవ్వని కూడా చెవి పట్టుకుని తెస్తారేమోనని చెప్పలేదు. అవ్వనేమీ అనకండి."

గుమ్మం దగ్గర లమూన్ కొంగు నోట్లో కుక్కుకుంది.

చోంపూ ముందుకి జరిగింది. పళ్ళెం తొణకలేదు. ఒక్క పూరేకు కదలలేదు. మడమల మీద బరువు, నడుం నిటారు, చూపు టీచరమ్మ మోకాలి వైపు. అన్నీ నేర్చుకున్నట్టే, అందరికీ నేర్పినట్టే. కుర్చీల ముందు ఆగి, పళ్ళెం కింద పెట్టి, అరచేతులు నేలకి ఆనించి, నుదురు వాటి మీద ఉంచి, ఆ వరసలో ఉన్న ఒక్కొక్క గురువుకీ విడివిడిగా, నిండుగా నమస్కారం పెట్టింది.

తిరిగి దీవించడానికి టీచర్లు చేతులెత్తాలి. ఓరపిన్ టీచరమ్మ చేతులు సగం లేచి ఒళ్ళో పడిపోయాయి. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. పిల్ల నుదురు నేలకి ఆనించే ఉంచింది. ఎవరో ఒకరు దీవించేదాకా లేవకూడదని ఆ పిల్లకి నేర్పారు. అందుకని అలాగే ఎదురుచూస్తూ ఉంది.